భూమి వేడెక్కలేదన్న మామ

మా అమ్మకు ఒక్కడే తమ్ముడు. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది ఆ మామే. తమిళనాడులోని ధర్మపురిలో మాలాంటి కుటుంబాలు వందల ఏళ్ళ కిందట వచ్చి స్థిరపడ్డవి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. చదువంతా తమిళంలోనే కాబట్టి తెలుగు చదవడం వచ్చినవాళ్ళు మా వీధిలో లేరనే చెప్పాలి. మామ మాత్రం చిత్తూరు వెళ్ళినప్పుడు ఒక వాచకం కొనుక్కొచ్చి, సాయంత్రాలు తన ప్రెస్సులో నన్ను పక్కన కూచోబెట్టుకుని దిద్దించాడు. ఆయన మీద నాకున్న కోపాన్ని ఈరోజు ఆయన నేర్పిన అక్షరాల్లోనే రాస్తున్నాను. అందుకు నాకేమీ మొహమాటం లేదు.

మామకు టౌన్లో చిన్న అచ్చు ప్రెస్సు ఉండేది. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, నోటీసులు వేసేవాడు. అంతకంటే ఎక్కువగా ఆయన మాటకారి. హేతువాదం చెప్పే చిన్న సంఘం ఒకటుండేది టౌన్లో. దానికి మామే గొంతు. ఇంట్లో దేవుడి గూడు లేదు. తాయెత్తులు, శకునాలు, రాహుకాలం ఏవీ ఆయన దగ్గర చెల్లేవి కావు. ఎవరేం చెప్పినా "ఆధారం ఏంది?" అని అడిగేవాడు. మా అమ్మ జ్వరమొస్తే దిష్టి తీస్తానన్నా అదే ప్రశ్న, మా నాయన ఫలానా పొలం కలిసిరాదన్నా అదే ప్రశ్న.

ఎనభైలో సూర్యగ్రహణం వచ్చినప్పుడు నేను పన్నెండో తరగతి. ఆ రోజు టౌనంతా తలుపులు వేసుకుంది. బస్సులు తిరగలేదు. అమ్మ ఊరగాయ జాడీల మీద కూడా దర్భలు వేసి, మమ్మల్ని లోపలి గదిలో కూచోబెట్టింది. మామ తానుండే సోగత్తూరు పల్లె నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, "అమ్మణ్ణీ, మిద్దె మీదికి రా" అని పిలిచాడు. పోస్టుకార్డుకు సూదితో బెజ్జం పెట్టి, తెల్లగోడ మీద సూర్యుడి బింబాన్ని చూపించాడు. అది మెల్లగా కొరికిన అప్పచ్చిలాగా అయింది. ఆ సమయంలోనే టిఫిన్ డబ్బా విప్పి నిమ్మకాయ అన్నం ఇద్దరం తిన్నాం. కింద అమ్మ ఏడుస్తూనే ఉంది. నాకేమీ కాలేదు. సాయంత్రం మామ మా నాయనతో, "ఈ బిడ్డ భయపడలేదు బావా. దీన్ని సైన్సు చదివించల్ల" అన్నాడు. నాయన ఒప్పుకోలేదు. మామ నెల రోజులు మా ఇంటికొచ్చి పోట్లాడాడు. చివరికి నాయన విసిగిపోయి సరేనన్నాడు. నేను ఫిజిక్స్ చదివానంటే, టీచరమ్మనయ్యానంటే ఆ పోట్లాట వల్లే.

టౌన్లోనే ఆడపిల్లల బడిలో ఉద్యోగం వచ్చింది. అవి కరువు రోజులు. సోగత్తూరులో మా పొలం బావి అడుగు కనిపించింది. ఇంకా లోతుకు తవ్వించారు, మళ్ళీ అడుగు కనిపించింది. పగలల్లా ఎక్కడో ఒకచోట బోరు వేసే మిషను చప్పుడు వినిపిస్తుండేది. ఒకసారి అత్త తరఫు చుట్టాల ఇంటికి తుంబలహళ్లి వెళ్ళినప్పుడు మామా నేనూ డ్యాము గట్టు మీద నడిచాం. నీళ్ళుండాల్సిన చోట మేకలు మేస్తున్నాయి. మామ ఆగి చాలాసేపు చూశాడు.

"మీ సైన్సు ఏమంటాది దీనికి?" అని అడిగాడు.

"నాకు తెలీదు మామా" అన్నాను. నిజంగానే అప్పటికి నాకు తెలియదు.

ఎనభై ఎనిమిది వేసవిలో సైన్సు టీచర్లకు బెంగుళూరులో శిక్షణ పెట్టారు. అక్కడ ఒక ముసలి ప్రొఫెసరు గాలి గురించి పాఠం చెప్పాడు. బొగ్గు, పెట్రోలు, కట్టెలు కాల్చినప్పుడు వచ్చే వాయువు ఆకాశంలో పేరుకుంటోందనీ, అది భూమి వేడిని బయటికి పోనివ్వదనీ, అడవులు నరికితే దాన్ని పీల్చుకునేవి కూడా తగ్గిపోతాయనీ బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాడు. ఎంత వేగంగా, ఎక్కడ ఎలా అన్నదాంట్లో వాదనలున్నాయి కానీ వేడెక్కడం గురించి ఆ శాస్త్రం తెలిసినవాళ్ళలో పెద్ద తేడా లేదన్నాడు. నేను లేచి, మా ధర్మపురి కరువు దీనివల్లేనా అని అడిగాను. "ఒక ఊరి కరువును, ఒక ఏటి కరువును దీని నెత్తిన పెట్టకూడదమ్మా. కానీ మీ బిడ్డలు పెద్దయ్యేసరికి ఎటు పోతామో మాత్రం తెలుస్తోంది" అన్నాడు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. నమ్మదగిన మనిషి అనిపించింది.

తిరిగొచ్చిన రోజే మామ ప్రెస్సుకు వెళ్ళాను. అంతా చెప్పాను. ఆయన మిషను ఆపించి, చేతులకు సిరా ఉండగానే విన్నాడు. మధ్యలో అడ్డు ప్రశ్నలు వేశాడు. తెలిసినంత చెప్పాను, తెలియనిది తెలియదన్నాను. చివరికి ఆయన కళ్ళు మెరిశాయి.

"ఇది జనానికి చెప్పల్ల అమ్మణ్ణీ. నువ్వు తమిళంలో రాయి, చిన్న పుస్తకం వేద్దాం. మన సంఘం తరఫున ఊరూరా పంచుదాం."

నేను రాశాను. మామ దిద్దాడు. కంపోజిటరు అక్షరాలు పేర్చడం మొదలుపెట్టాడు. ఆ కొన్ని నెలలు నా జీవితంలో మంచి రోజులు. స్కూలు వదలగానే ప్రెస్సుకు పరిగెత్తేదాన్ని. సీసపు అక్షరాలు తలకిందులుగా చదవడం కూడా అలవాటయింది.

అప్పుడే ఎన్నికలొచ్చాయి.

మామ అప్పటికి రెండేళ్ళ కిందటే ఒక పార్టీలో చేరాడు. హేతువాదులు కొంతమంది అలా వెళ్ళారు, అందులో వింతేమీ లేదు. మామ గొంతు పార్టీకి పనికొచ్చింది. ఈసారి ఆయన్ను జిల్లా అంతా తిరిగి మాట్లాడే ముఖ్య వక్తగా పెట్టారు. అభ్యర్థి సేగో మిల్లుల కుటుంబానికి దగ్గరి చుట్టం. మా వైపు పొలాల్లో కర్రపెండలం పండిస్తారు, మేం కుచ్చికిళంగు అంటాం. దాన్ని సగ్గుబియ్యం చేసే మిల్లులను సేగో మిల్లులంటాం. సగ్గుబియ్యం వేయించడానికి రాత్రీ పగలూ కట్టెలు మండుతూనే ఉండాలి. ఆ మిల్లులవాళ్ళు పిక్కిలి అనే పల్లె పైన కొండవాలులో చెట్లు కొట్టుకోవడానికి పర్మిట్టు కావాలని ఎప్పటినుంచో అడుగుతున్నారు. గెలిస్తే ఇప్పిస్తామని పార్టీ మాట ఇచ్చింది.

ఇదంతా నాకు అప్పటికి సరిగ్గా తెలియదు. ఒకరోజు ప్రెస్సుకు వెళితే నా పుస్తకం అక్షరాలు విడగొట్టి గూళ్ళలో వేసేస్తున్నారు. పెద్ద అక్షరాలతో గోడపత్రాలు అచ్చవుతున్నాయి.

"టైపు చాల్లేదమ్మా, ఎలెక్షను అయినాక మళ్ళా పేర్చుకోవచ్చు" అన్నాడు కంపోజిటరు.

నమ్మాను. టైపు చాలకపోవడం నిజమే కావచ్చు.

ఆ నెలలోనే మా బడిలో సైన్సు ఎగ్జిబిషను జరిగింది. నా తరగతి పిల్లలిద్దరు రెండు గాజు సీసాల్లో థర్మామీటర్లు పెట్టారు. ఒక సీసాలో మామూలు గాలి, ఇంకోదాంట్లో సోడా పొడి మీద నిమ్మరసం పోసి పుట్టించిన వాయువు. రెండింటినీ ఎండలో పెట్టి, ఏది ఎక్కువ వేడెక్కుతుందో చూపిస్తారు. చిన్న ప్రయోగం. దాంతో భూమి సంగతంతా రుజువు కాదని నేనే పిల్లలకు చెప్పాను. పక్కన అట్టమీద కొండలు, మిల్లు పొగగొట్టం, లారీ బొమ్మలు వేశారు. ముఖ్య అతిథిగా హెడ్మిస్ట్రెస్ మామను పిలిచారు. నాకు ఎంత సంతోషమంటే, ఆ ఉదయం పిల్లల జడలకు నేనే రిబ్బన్లు కట్టాను.

మామ ఒంటరిగా రాలేదు. మిల్లు యజమాని ఒకాయన, పార్టీవాళ్ళు నలుగురైదుగురు వెంట ఉన్నారు. సీసాల దగ్గరికి వచ్చాక ఆ ఇద్దరిలో ఒక పిల్ల గడగడా అప్పజెప్పింది. మిల్లు యజమాని పొగగొట్టం బొమ్మను వేలితో తట్టి నవ్వుతూ అడిగాడు.

"ఏం పాపా, అయితే మా మిల్లు పొయ్యి ఆర్పేయమంటావా?"

పిల్ల నా వైపు చూసింది. నేను మామ వైపు చూశాను. మామ ఎవరివైపూ చూడలేదు.

సభలో మైకు అందుకున్నాక ఆయన మొదట పిల్లలను మెచ్చుకున్నాడు. తర్వాత తమిళంలో తన మామూలు చమత్కారంతో మొదలుపెట్టాడు. "భూమి వేడెక్కుతోందంటున్నారు మన టీచరమ్మ. నేనొక మాట అడుగుతాను. ధర్మపురి ఎప్పుడు చల్లగా ఉండింది?" హాలంతా నవ్వింది. తల్లిదండ్రులు, టీచర్లు, నా పిల్లలు కూడా నవ్వారు. "తెల్లవాడు వంద ఏళ్ళు బొగ్గు కాల్చి మేడలు కట్టుకున్నాడు. ఇప్పుడు మనం పొయ్యి వెలిగిస్తే ఆకాశం మండిపోతుందంటాడు. మన పిల్లలు ఫ్యాక్టరీలు పెట్టకూడదు, వాడి దగ్గర కొనుక్కోవాలి. ఇది సైన్సు కాదు, వ్యాపారం."

చప్పట్లు మోగాయి. అందులో సగం నిజం. బొగ్గు ఎక్కువ కాల్చింది వాళ్ళే. ఆ మాట నా పుస్తకంలో నేనే రాశాను, మామ దిద్దిన పేజీలో. ఆ సగాన్ని తీసుకుని మిగతా సగానికి మూత పెట్టేశాడు. పూర్తి అబద్ధమైతే నాకు ఇంత మండేది కాదు.

ఆ సాయంత్రమే ఆయన ఇంటికి వెళ్ళాను. అత్త కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

"మామా, నేను చెప్పిందాంట్లో తప్పేముండాది? తప్పుంటే చూపించు, దిద్దుకుంటాను."

"తప్పు లేదు."

"మరి అట్ల ఎందుకు మాట్లాడినావు?"

మామ గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు చెప్పింది నిజమే అమ్మణ్ణీ. నాకు తెలుసు. తెలిసే చెప్తాండాను. ముందు ముందు వానలు ఏమైతాయో చెప్పలేమని చెప్పి ఓటు అడగేదానికి అయితాదా? మిల్లు మూస్తే కుచ్చికిళంగు వేసినోడు ఏం తినల్ల? నువ్వు సీసాల్లో చూసుకుంటాండావు, నేను మనుషుల్ని చూసుకోవల్ల."

"పొయ్యి మూయమని ఎవరు చెప్పినారు? కొండ నరకొద్దు, ఊక వాడండి, వేరే దారి చూడండి అని పుస్తకంలో రాసినాను. అది నువ్వే దిద్దినావు కదా."

"ఇప్పుడు కాదు అవన్నీ. ఎలెక్షను అయిపోనీ."

తెలియక అన్నాడనుకుంటే రేపు తెలుస్తుందన్న ఆశ ఉంటుంది. తెలిసి అన్నవాడికి ఏమి చెప్పాలి? కాఫీ చల్లారిపోయింది. తాగకుండానే లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చి అమ్మతో చెబితే, "వాడు పెద్ద పెద్దోళ్ళతో తిరగతాండాడు, వాడికి తెలీదా? నీకెందుకే ఈ గొడవ" అంది. గ్రహణం రోజు ఏడ్చిన అమ్మే. ఆ రోజు మామ మాట నమ్మని మనిషి, ఈ రోజు నమ్మింది.

పోలింగుకు వారం ముందు పిక్కిలిలో పెద్ద కూట్టం పెట్టారు. కూట్టమంటే సభ. అత్త పుట్టిల్లు ఆ పక్కనే. ఏదో శుభకార్యానికి అత్తతో వెళ్ళి, సాయంత్రం అందరితోపాటు నేనూ సభలో ఆడవాళ్ళ వైపు కూచున్నాను. ప్రభుత్వ ఉద్యోగిని కాబట్టి నోరు మెదపకూడదు. మెదపాలనుకుని వెళ్ళలేదు కూడా.

మామ ఆ రోజు బాగా మాట్లాడాడు. మామ ఎప్పుడూ బాగానే మాట్లాడతాడు. కొండవాలు పర్మిట్టు గురించి చెప్పాడు. కూలి దొరుకుతుంది, లారీలు వస్తాయి, రోడ్డు పడుతుంది అన్నాడు. జనంలోంచి ఒక ముసలి రైతు లేచి, "చెట్లు పోతే వాన పోదా సామీ?" అని అడిగాడు. మామ చెయ్యెత్తి ఆయన్ను కూచోమన్నాడు.

"అయ్యా, చెట్టుకూ వానకూ పొగకూ ముడిపెట్టి కొందరు మిమ్మల్ని భయపెడుతున్నారు. నా సొంత అక్క కూతురు సైన్సు టీచరమ్మ. బెంగుళూరు పోయి పెద్ద పెద్దవాళ్ళ దగ్గర చదివొచ్చింది. ఆ అమ్మాయే నాతో చెప్పింది, ఇందులో ఏమీ లేదు మామా అని."

అత్త నా చెయ్యి పట్టుకుంది, నేను లేస్తానని ఆమెకు ముందే తెలిసినట్టు. విదిలించుకుని లేచాను.

"నేను అట్ల చెప్పలేదు" అన్నాను తమిళంలో, గట్టిగా. "ఉందనే చెప్పినాను. మీరు అబద్ధం చెప్తాండారు."

అంతవరకు మామను నేను ఎన్నడూ 'మీరు' అనలేదు. మా ఇళ్ళలో మేనమామను 'నువ్వు' అనే పిలుచుకుంటాం.

తలలన్నీ నా వైపు తిరిగాయి. మామ ముఖం ఒక్క క్షణం మారింది. ఆ ఒక్క క్షణంలో ఆయన సిగ్గుపడ్డాడని ఇప్పటికీ అనుకుంటాను. వెంటనే నవ్వేశాడు. మైకు దగ్గరికి జరిగి, "చూశారా! మా పార్టీలో ఇంటి ఆడపిల్ల కూడా లేచి ఎదురు మాట్లాడవచ్చు. అవతలి పార్టీలో నడుస్తుందా ఇది?" అన్నాడు. జనం ఈలలు వేసి చప్పట్లు కొట్టారు. ఎవరో నా వైపు ఒక పూలదండ విసిరారు. నా మాట ఎవరి చెవికీ చేరలేదు. ముసలి రైతు కూడా చప్పట్లు కొడుతున్నాడు.

ఎన్నికల్లో మామ పార్టీ గెలిచాక రెండు పనులు జరిగాయి. కొండవాలు పర్మిట్టు వచ్చింది. నాకు పిక్కిలి బడికి బదిలీ ఆర్డరు వచ్చింది.

ఎవరు చేయించారో అడగాల్సిన అవసరం లేకుండా అత్తే వచ్చి చెప్పింది. "మీ మామ నీ మంచికే చేసినాడు. టౌన్లో ఉంటే నీ నోరు ఊరుకోదు. ఎవరైనా కంప్లైంటు రాస్తే ఉద్యోగమే పోయేది, తెల్సునా?" అది నిజమూ కావచ్చు. ఆయన చేసిన ప్రతిదాంట్లోనూ కొంత నిజం ఉండేది. అదే నన్ను తినేసింది.

పిక్కిలి బడిలో నా తరగతి కిటికీ కొండ వైపు. మొదట్లో లారీలు వారానికొకటి వచ్చేవి, తర్వాత రోజూ. కొట్టగా మిగిలిన కొమ్మలను గుంటల్లో పూడ్చి బొగ్గు కాల్చేవారు. మధ్యాహ్నం గాలి ఇటు తిరిగితే తరగతంతా పొగ. పిల్లలు దగ్గుతూ పాఠం రాసుకునేవారు. పాఠ్యపుస్తకంలో గాలి గురించిన పాఠం ఉంది, వేడెక్కడం గురించి లేదు. నేను చెప్పేదాన్ని. ఇన్‌స్పెక్టరుగా వచ్చినాయన మర్యాదగానే, "పుస్తకంలో లేనిది ఎందుకమ్మా? పరీక్షలో అడగరు" అన్నాడు. ఆయన వెళ్ళాక మళ్ళీ చెప్పాను.

ఒకసారి ఆ పాఠం మధ్యలో వెనక బెంచీ పిల్ల లేచి నిలబడింది. వాళ్ళమ్మ అంతకుముందు ఇంటి వెనకే కట్టెలు ఏరుకునేది, ఇప్పుడు ఎక్కడికో నడిచి వెళుతోంది. ఆ పిల్ల అడిగిన తీరులో ఎగతాళి లేదు, తెలుసుకోవాలనే అడిగింది.

"టీచర్, పర్మిట్టు ఇప్పించింది మీ మామే కదా?"

"అవును."

"ఆయనకు ఇది మీరు చెప్పలేదా?"

"చెప్పినాను. ఆయనకు తెలుసు."

తెలిసీ ఎందుకు చేశాడని అడుగుతుందేమోనని భయపడ్డాను. అడగలేదు. కూచుంది. అడగకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది. తెలిసి కూడా చేసేవాళ్ళుంటారని ఆ వయసుకే దానికి తెలుసు మరి.

మరుసటి ఏడు మామ కూతురి పెళ్ళి. చిత్తిరై నెల, మండే ఎండలు. అమ్మ బతిమాలితే వెళ్ళాను. కల్యాణ మండపంలో ఫ్యాన్లు వేడిగాలినే తిప్పుతున్నాయి. మామ పట్టుపంచె కట్టుకుని, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ బంధువుల మధ్య కూచున్నాడు. మిల్లు యజమాని కూడా ఉన్నాడు. నన్ను చూసి మామ పక్కకు జరిగి చోటిచ్చాడు. కూచున్నాను.

"ఏం ఎండలబ్బా ఇవి" అన్నాడు అందరితో. "మా చిన్నప్పుడు ఇట్ల లేదు. ఏటికేడు జాస్తి అయితానే ఉండాది."

"అవునవును" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. మిల్లు యజమాని కూడా తలాడించాడు. వానలు కూడా అంతే, ముందు మాదిరి లేవు అన్నాడు ఇంకొకాయన. ఎవరూ నా వైపు చూడలేదు. అందులో దాపరికం లేదు, ఎగతాళి లేదు. వాళ్ళు నిజంగానే మాట్లాడుకుంటున్నారు. అక్కడ మైకు లేదు, ఓటు అడగాల్సిన పని లేదు.

నేనేమైనా అంటానేమోనని మామ ఒక్కసారి నా ముఖంలోకి చూశాడు. పుస్తకం సంగతి అడుగుదామా అనుకున్నాను, అడగలేదు. మళ్ళీ పేర్చలేదని నాకు తెలుసు.

భోజనానికి లేవమని ఎవరో పిలిచారు. అమ్మ పక్కన కూచుని తిన్నాను, పెళ్ళికూతురికి అక్షింతలు వేశాను, అత్త తాంబూలం సంచి చేతిలో పెట్టింది. సాయంత్రం బస్సుకు పిక్కిలి వచ్చేశాను. ఆ తర్వాత ఆయన ఇంటికి నేను వెళ్ళలేదు. ఆయనా పిలవలేదు.